నాలుగు మార్కుల ప్రశ్న

ప్రకాశం జిల్లాలో చీమకుర్తి వైపు ఒక ఊరు. అక్కడి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే మేడం సాయంత్రాలు బైపీసీ పిల్లల్ని కూర్చోబెట్టి నీట్‌కు తయారుచేసేవారు. ఫీజు లేదు. లక్షలు కట్టి హాస్టళ్లలో చదివే పిల్లలతో పోటీపడాల్సిన పిల్లలు వీళ్లు. చదివిన ప్రతి వాక్యం వెనకా ఉన్న కారణం వీళ్లకు తెలిసితీరాలని ఆమె పట్టుదల.

"మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, 360 మార్కులు జీవశాస్త్రానివే. ఒప్పు రాస్తే నాలుగొస్తాయి, తప్పు రాస్తే ఒకటి పోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏ వాక్యమైనా ప్రశ్నగా రావచ్చు. ఒక్కటీ దాటెయ్యొద్దు" అనేవారు.

శ్వాస పాఠం చివర, పనిచేసేచోట వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల గురించి ఉన్నది కొన్ని వాక్యాలే. మేడం దానికి ఒక సాయంత్రమంతా కేటాయించారు. రాళ్లు పగలగొట్టేచోట లేచే దుమ్ములో పెద్ద పలుకుల్ని ముక్కులోని వెంట్రుకలు, జిగురు పట్టేస్తాయి. కంటికి కనబడనంత సన్నవి మాత్రం వాయుగోణుల దాకా వెళ్లిపోతాయి. వాటిని మింగబోయిన రక్షణ కణాలే చచ్చిపోతాయి. అక్కడ వాపు వస్తుంది, వాపు వచ్చినచోట మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగేకొద్దీ ఊపిరితిత్తి బిరుసెక్కి, ఆక్సిజన్ రక్తంలోకి దిగడం కష్టమవుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి ఇదంతా చెప్పి, "దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. రాతిదుమ్ములోని సిలికా వల్ల వస్తే సిలికోసిస్" అన్నారు.

రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడం, ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదా?"

"చాలదమ్మా. సన్నదుమ్ము గుడ్డలోంచి దూరిపోతుంది. ఎన్95 లాంటి మాస్కు ఉండాలి, అది ముఖానికి సరిగ్గా అతుక్కోవాలి. నీళ్లు చల్లుతూ ఉంటే లేచే దుమ్మూ బాగా తగ్గుతుంది."

"వచ్చాక మందు లేదా మేడం?"

"కట్టిన మచ్చను పోగొట్టే మందు లేదు. రాకుండా చూసుకోవడమే."

ఆ అమ్మాయి అన్నీ నోట్సులో రాసుకుంది. ఆ తర్వాత ఏ మాదిరి పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినా, ఎంత తిప్పి అడిగినా, ఆమె జవాబు తప్పిపోలేదు.

ఆ ప్రాంతంలో పేరున్న రోడ్డు కాంట్రాక్టరొకాయన కోచింగ్ సంగతి విని, పిల్లలందరికీ పుస్తకాలు, మాదిరి ప్రశ్నపత్రాలు కొనిచ్చారు. కాలేజీవాళ్లు చిన్న సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. చదువు లేక తాను పడ్డ ఇబ్బందులు చెప్పి, మన ఊరి పిల్లలు డాక్టర్లు కావాలని ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. తర్వాత పిల్లలవైపు తిరిగి, "మీకు బాగా వచ్చిన ప్రశ్న ఒకటి అడిగి, జవాబు కూడా మీరే చెప్పండి, వింటాను" అన్నారు.

రెండో బెంచీ అమ్మాయి లేచింది.

"రాళ్లు పగలగొట్టే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయి?" అని తనే అడిగి, ఎక్కడా తడుముకోకుండా జవాబు చెప్పింది. దుమ్ము, వాపు, మచ్చ, ఆయాసం, ఒకదాని వెంట ఒకటి. "మచ్చ కట్టాక చేయగలిగింది తక్కువ. అందుకని ముందే మాస్కులివ్వాలి, నీళ్లు చల్లాలి" అని ముగించింది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. "నువ్వు డాక్టరువైపోయినట్టేనమ్మా! ఏం కావాలో అడుగు. ట్యాబ్ కొనిపెట్టనా?"

"మాస్కులు కావాలి సార్. ఎన్95వి. ముప్ఫై."

ఆయన హాలంతా ఒకసారి చూశారు. "ఇక్కడ మీరు ఇరవై మందే ఉన్నారు కదమ్మా?"

"ఇక్కడికి కాదు సార్, మీ క్రషర్‌కి. మా నాన్నతో కలిపి ముప్ఫై మంది."