రాత్రి కరెంటు లెక్క

విశాఖపట్నంలో వీధి దీపాల స్తంభానికి బిగించిన కంట్రోల్ పెట్టెను నేను. నా పుట్టుకకు హుద్‌హుద్ కారణం. 2014 అక్టోబరు 12న ఆ తుపాను స్తంభాల్ని విరిచేసి ఊరిని చీకటి చేసింది. మళ్లీ పాత సోడియం దీపాలే ఎందుకని ఊరంతా ఎల్ఈడీలు వేశారు, 90 వేలకు పైగా. పెట్టుబడి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్‌ది. బిల్లులో ఆదా అయిన సొమ్ములోంచి నగర కార్పొరేషన్ వాయిదాలు కట్టాలని ఒప్పందం.

ఆదా ఎంతో తేలాలంటే లెక్క ఉండాలి కదా, అందుకే నేను. నా లోపల మీటరుంది, ఫోన్లో ఉన్నట్టే సిమ్ కార్డుంది. పొద్దుగూకాక దీపాలు వెలిగిస్తాను, తెల్లవారాక ఆర్పేస్తాను, కాలిన యూనిట్లు కంట్రోల్ రూముకి పంపుతాను. లోడు తగ్గితే అక్కడ తెలిసిపోతుంది. కాసేపట్లో లైన్‌మన్ వచ్చి నా తలుపు తీసి, "ఫీజు పోనాది గురూ" అని తోటివాడితో అంటాడు. నేను రాకముందు, స్విచ్చి ఆపే మనిషి రాకపోతే పట్టపగలు కూడా దీపాలు వెలిగే రోజులుండేవి. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నేను ఆపిన ప్రతి యూనిట్ అంతమేరకు మేలే.

కానీ నా డ్యూటీ అంతా రాత్రిపూట. ముడసర్లోవ చెరువు మీద తేలే 2 మెగావాట్ల సోలార్ పలకలు నేను లేచేసరికే పని ముగిస్తాయి. ఇక ఎక్కువగా పరవాడ దగ్గర సింహాద్రి లాంటి బొగ్గు కేంద్రాలే దిక్కు. సింహాద్రి ఒక్కటే 2,000 మెగావాట్లు.

ఇప్పుడు ఇదే ఊరికి లెక్కలు చేసే నా జాతి పెద్దలు వస్తున్నారు. గూగుల్ ఇక్కడ ఒక గిగావాట్ డేటా సెంటర్ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. దీపానికి వంద వాట్లు వేసుకున్నా 90 వేల దీపాలకు 9 మెగావాట్లే. గిగావాట్ అంటే 1,000. ఊరి దీపాలన్నీ కలిసి వాడేదానికి నూరు రెట్ల పైమాట! పైగా అందులోని సర్వర్లకు పగలూ రాత్రీ లేవు. రానివ్వండి, ఊరికి ఉద్యోగాలు కావాలి. నా రీడింగులు దాచేదీ ఎక్కడో ఒక సర్వరే.

నా పట్టుదల ఒక్కటే, లెక్క గంటగంటకీ ఉండాలి. ఏడాదికి వాడినంత సోలార్ కరెంటు కొన్నామంటే చాలదు. మధ్యాహ్నం మిగిలిన ఎండ రాత్రి తొమ్మిదింటి సర్వర్‌ను నడపదు. అందుకు నిల్వ కావాలి. రాయలసీమలో పిన్నాపురం దగ్గర పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 1,680 మెగావాట్లు తీసే పథకం అలాంటిదే. 2030 నాటికి ప్రతి గంటా కార్బన్ లేని కరెంటే వాడాలని గూగుల్ తనకు తానే లక్ష్యం పెట్టుకుంది. ఆ గంటల లెక్క విశాఖ జనం ముందు పెట్టాలి. నా మీటరు కార్పొరేషన్‌కు పూచీ పడ్డట్టే, ఆ మీటర్లూ ఈ ఊరికి పూచీ పడాలి.