మట్టిని ముట్టగానే మాయమయ్యే మందు

పురుగుమందుల కొట్లో వినిపించే మాట ఒకటుంది. "గడ్డి మాడిపోద్ది, నేలకేం కాదు. మట్టి తగలగానే మందు చచ్చిపోద్ది." ఆకు మీద పడితే యముడు, మట్టి మీద పడితే సన్యాసి! ఇంతటి వివేకమున్న రసాయనం పేరు గ్లైఫోసేట్. 1974 నుంచి దాన్ని రౌండప్ పేరుతో అమ్మిన ఘనత అమెరికా కంపెనీ మోన్‌శాంటోది.

మొక్క ఎదుగుదలకు అవసరమైన కొన్ని అమైనో ఆమ్లాలు షికిమేట్ మార్గంలో తయారవుతాయి. మందు ఆ దారికి అడ్డం పడుతుంది. మనుషుల్లో ఆ మార్గమే లేదు గనక భయం లేదంటారు అమ్మేవాళ్లు. మనుషుల్లో లేదు, నిజమే. బాక్టీరియాలోనూ శిలీంధ్రాల్లోనూ ఉంది. కరపత్రంలో ఆ ముక్కకు చోటు చాలలేదు కాబోలు.

కంపెనీకి తెలియదనుకుంటే అమాయకత్వమే. మందును తట్టుకునే పంటల కోసం అది వాడిన జన్యువు, లూసియానాలోని తన కర్మాగారం వ్యర్థాల్లో బతికి బట్టకట్టిన అగ్రోబాక్టీరియం నుంచి తీసిందే. 2010లో ఇదే గ్లైఫోసేట్‌కు, మలేరియా కలిగించేలాంటి పరాన్నజీవులను అణచే ఔషధంగా పేటెంటూ పుచ్చుకుంది. ఒంట్లో సూక్ష్మజీవి అయితే మందు పనిచేస్తుంది, పొలంలో సూక్ష్మజీవి అయితే దండం పెట్టి తప్పుకుంటుందన్నమాట!

ఫ్రాన్స్‌లో ఈ కథ కోర్టు దాకా వెళ్లింది. నేలలో ఇట్టే కరిగిపోతుందన్న ప్రకటనలు తప్పుదోవ పట్టించేవేనని 2007లో లియాన్ కోర్టు 15 వేల యూరోల జరిమానా వేసింది. 2009లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమూ అదే ఖాయం చేసింది.

సిఫారసు మోతాదులో చల్లితే మట్టిలోని సూక్ష్మజీవుల మొత్తం పెద్దగా తగ్గదని చాలా ప్రయోగాల్లో తేలిన మాట వాస్తవం. వ్యాపారికి ఆ ఒక్క వాక్యం చాలు. ఊళ్లోంచి పదిమంది మేస్త్రీలు వెళ్లిపోయి పదిమంది పేకాటరాయుళ్లు దిగినా జనాభా లెక్క మారదు మరి! సోయా వేరుబుడిపెల్లో నత్రజని పట్టే బ్రాడీరైజోబియం ఈ మందుకు దెబ్బతింటుంది. మందు కొట్టిన సోయా వేళ్ల మీద ఫ్యుజేరియం శిలీంధ్రం పెరగడం అమెరికా పరిశోధకులు చూశారు. మందును మేసే బాక్టీరియాలూ లేకపోలేదు. అయితే అవి మిగిల్చే ఆంపా అనే పదార్థం అసలు మందుకన్నా ఎక్కువకాలం నేలలో తిష్ఠ వేస్తుంది.

ఇక ఆ 'సిఫారసు మోతాదు' సంగతి. చేలో డబ్బా మూతే కొలపాత్ర. గడ్డి మొండిదనిపిస్తే ఇంకో మూత, ఆపైన ట్యాంకులో గుప్పెడు ఉప్పు. ఏ ప్రయోగశాల ఇలా కొలిచిందో కొట్టాయనే చెప్పాలి.

ఇంత మందూ పడేది బీజీ-3 పేరుతో తెలుగు రాష్ట్రాల్లో చాటుగా అమ్ముడయ్యే పత్తి మీద. కలుపుమందును తట్టుకునే ఆ పత్తికి దేశంలో అనుమతే లేదు. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ గ్లైఫోసేట్ చల్లరాదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. రైతన్నా, డబ్బు చెల్లించే ముందు లేబుల్ చదివించుకో. అక్కడుండేది తేయాకు తోటలు, పంటలేని భూములు. పత్తి పేరు ఉండదు.