ఘంటసాల కుడివైపుకి జరిగారు

బెజవాడ సత్యనారాయణపురంలో ఇల్లమ్మేసి కానూరులో రెండు పడగ్గదుల ఫ్లాటుకి మారదామనుకున్న రోజునే మా ఆవిడ కొత్త హాల్లో టేపు పెట్టి కొలిచింది. "సోఫా పడుతుంది, టీవీ పడుతుంది, సర్దుకుంటే మీరూ పడతారు. ఆ రెండు బీరువాలూ మాత్రం పట్టవండీ" అంది.

బీరువాలంటే నా స్పీకర్లు. మూడున్నర అడుగుల ఎత్తు, ఒక్కోటీ ఇరవై రెండు కిలోలు. వాటి పరివారమూ తక్కువది కాదు. కలకత్తాలో తయారైన పధ్నాలుగు కిలోల ఆంప్లిఫయరు, డబుల్ క్యాసెట్ డెక్కు, సీడీ ప్లేయరు, ఎందుకో ఇప్పటికీ తెలియని ఈక్వలైజరు. 1988 నుంచి బోనసు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ ఇంట్లో దిగాయి. స్పీకరు వెనక ఎనిమిది ఓములని రాసి ఉందని చెబితే, అదేదో అష్టాక్షరి లాంటిదనుకుని మా అమ్మ ఏటా ఆయుధపూజనాడు దానికి కుంకుమబొట్టు పెట్టేది.

రెండు స్పీకర్లకీ సరిసమాన దూరంలో ఒక పేము కుర్చీ ఉండేది. దాని నాలుగు కాళ్ళ చోటా గచ్చు మీద రంగుతో గుర్తులు పెట్టాను. జానెడు జరిగినా స్టీరియో చెడిపోతుందని నా సిద్ధాంతం. చుట్టాలెవర్నీ అందులో కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి మా బావమరిదికి మాత్రం ఆ భాగ్యం కలిగించాను. పాటంతా విని, "ఇక్కడికి ఫ్యాను గాలి తగలట్లేదు బావా" అన్నాడు.

"అమ్మగా వచ్చిన డబ్బుతోనే చిన్నది కొనుక్కోండి, పెన్షను జోలికి వెళ్ళొద్దు" అని మా ఆవిడ బడ్జెట్టు ప్రకటించింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఆవిడకీ తెలుసు.

మొదట పామర్రు నుంచి మైకుసెట్టు కుర్రాడొచ్చాడు. "ఎన్ని వాట్లండీ?" అన్నాడు. "యాభై" అన్నాను, కాస్త గర్వంగానే. జాలిగా చూశాడు. "మా వినాయకుడి పందిట్లో బాక్సు ఒక్కోటీ వెయ్యి వాట్లండీ." వాట్లు పదింతలైతేగానీ చెవికి మోత రెండింతలైనట్టు అనిపించదని లెక్క విప్పి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అందుకేనండీ మేం పదింతలు పెట్టేది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ చెక్క మీద వేళ్ళతో కొట్టి చూసి, "లోపలి సరుకు మాకొద్దుగానీ డబ్బాలు బావున్నాయండీ. రెండూ కలిపి రెండున్నర వేలు" అన్నాడు.

తర్వాత పాత ఇనప సామాన్లవాడు. ఆంప్లిఫయర్ని రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని బరువు చూశాడు. "ట్రాన్స్‌ఫార్మరు రాగిదేనా బాబుగారూ?" అన్నాడు. ఇన్నేళ్ళలో దాని గుండె గురించి అడిగిన మొదటి మనిషి! నా కళ్ళు చెమర్చాయి. అతను తక్కెడ తీశాడు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారుగానీ, ఆ మాట అన్నవాళ్ళు ఏనుగుని కిలోల్లెక్కన అమ్మి ఉండరు.

చివరికి గవర్నరుపేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. అసలైన రసికుడు. పేము కుర్చీలో కూర్చోబెట్టి మాయాబజారు పాట పెట్టాను. అప్పుడెప్పుడో బీసెంటు రోడ్డులో చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, తొంభై నిమిషాల క్యాసెట్టు నిండా రికార్డు చేయించుకున్న వాటిలోది. అర నిమిషం విన్నారాయన. లేచి వెళ్ళి, డాక్టరు రోగి గుండె విన్నట్టు ఎడం స్పీకరుకి చెవి ఆనించారు.

"ఇది పలకట్లేదండీ."

వెనక్కి వెళ్ళి చూస్తే తీగని ఎలుక కొరికేసింది. తెగినచోట రాగి నల్లబడి, దాని మీద బూజు పట్టి ఉంది. "ఎన్నాళ్ళయిందేమిటి?" అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

నాకప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఘంటసాల కాస్త కుడివైపుకి జరిగి పాడుతున్నట్టు అనిపించింది. నా ఎడమ చెవికి వయసైపోయిందనుకుని చెవి డాక్టరుకి ఫీజు కట్టాను. రెండు చెవులూ సమానంగానే ముసలివయ్యాయని ఆయన ధైర్యం చెప్పారు. చేసేదిలేక కుర్చీనే జానెడు కుడివైపుకి జరిపి, గచ్చు మీద కొత్త గుర్తులు వేశాను.

"మరి పాటలో సగం పోవాలి కదండీ?" అన్నాను. పెద్దమనిషి నవ్వారు. "మాయాబజారు 1957లో వచ్చింది. స్టీరియో రికార్డులు అమెరికా బజారులోకి వచ్చిందే 1958లో. 2010లో రంగులద్ది డీటీఎస్ చేశారుగానీ, మీ క్యాసెట్టులో ఉన్నది పాతదే కదా. ఘంటసాలగారు 1974లో కన్నుమూసేనాటికి కూడా మన సినిమా పాట దాదాపుగా మోనోయే. రెండు స్పీకర్లూ ఒకే మాట చెప్తాయి. ఒకటి పడుకున్నా రెండోది చెప్తుంది."

నా క్యాసెట్ల బీరువా తెరిచి చూశాను. సగం ఘంటసాల, సుశీల. మిగతా సగం బెజవాడ రేడియోలోంచి తెల్లారుజామున పట్టుకున్న భక్తిరంజని. మీడియం వేవు రేడియో కూడా మోనోయే. అంటే మూడు దశాబ్దాలకు పైగా రెండు స్పీకర్లు పెట్టి, రంగుతో గుర్తులు వేసి, చుట్టాలతో తగువులాడి, నేను విన్నదంతా ఒక్క స్పీకరు సరుకే. మా ఇంట్లో పూర్తి ఏకాభిప్రాయంతో బతికింది ఆ రెండు డబ్బాలే.

లెక్క తేల్చాం. డబ్బాలు పామర్రుకి రెండున్నర వేలు. ఆంప్లిఫయరు ఒక రేడియో మెకానిక్కుకి మూడు వేలు. మిగిలినవి తక్కెడకెక్కి అయిదువందలు తెచ్చాయి. మొత్తం ఆరు వేలు. దాంతో అరచేతిలో పట్టే ఆంప్లిఫయరు ఒకటి, పుస్తకాల అరలో కూర్చునే చిన్న స్పీకర్లు కొన్నాను. "ఒక్కటే ఇవ్వు బాబూ" అంటే కొట్టువాడు "జత విడదీయం సార్" అన్నాడు.

అందుకని ఒకటి హాల్లో పెట్టి, ఆరు మీటర్ల తీగ లాగి రెండోది వంటింట్లో పెట్టాను. ఘంటసాల వస్తే ఇద్దరికీ పూర్తి పాట, ఎవరికీ లోటు లేదు. చిక్కల్లా ఇళయరాజాతోనే. ఆయనది స్టీరియో కదా, వయొలిన్లన్నీ వంటింట్లోకి వెళ్ళిపోతున్నాయి, హాల్లో నాకు తబలా మిగులుతోంది. వయొలిన్లు కావాలంటే నేను లోపలికి వెళ్ళి బెండకాయలు తరగాలి. ఎప్పుడూ ముట్టుకోని బ్యాలెన్సు నాబ్ ఇప్పుడు మా ఆవిడ చేతిలో ఉంది. నామీద కోపం వచ్చిన రోజున దాన్ని పూర్తిగా కుడివైపుకి తిప్పేస్తుంది. ఆ పూట నాకు తబలా కూడా లేదు.

హైఫై కొనాలనుకునేవారికి నాదొక్కటే మాట. ముందు మీ పాటలు ఏ సంవత్సరంవో చూసుకోండి. అన్నీ 1974కి ముందువే అయితే స్పీకరు ఒకటి చాలు. ఇప్పటికే రెండు కొనేసి ఉంటే, ఒక్కసారి వెనక్కి వెళ్ళి తీగలు చూసి రండి.