గోటితో పోయేదానికి గొడ్డలి

పెళ్లి వీడియోలో తాళి కట్టే ఘట్టం ఒక్కటీ విడిగా తీసుకోవాలి. బడి వార్షికోత్సవం మూడు గంటల రికార్డింగులో పాప నాట్యం చేసిన నాలుగు నిమిషాలు అమ్మమ్మకు పంపాలి. ఆన్‌లైన్ పాఠం మొదట్లో 'వినబడుతోందా, వినబడుతోందా' అంటూ గడిచిన కాలాన్ని తీసిపారేయాలి. కంప్యూటర్ ఉన్న మామూలు ఇంటికి వీడియో ఎడిటింగ్ అంటే ఇంతే: ముందు కొంత, వెనక కొంత కత్తిరించి మధ్యది ఉంచుకోవడం. ఈ పనికి మూడు బటన్లు చాలు. ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు, సేవ్. పాతికేళ్ల విండోస్ ప్రగతి ఆ మూడు బటన్లనూ మన కళ్ల ముందే మాయం చేసి, ఆ మాయకు అప్‌గ్రేడ్ అని పేరు పెట్టింది. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. మన ఆపరేటింగ్ సిస్టమ్ అయ్యవార్లు ఇంకో మెట్టు పైకెక్కారు. చేసిన ఒప్పుల్ని కూడా దిద్దేస్తున్నారు.

ఆ ఒప్పు ఎప్పటిదో చూద్దాం. 2000లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎంఈ తెచ్చింది. మాటిమాటికీ మొరాయిస్తుందని లోకమంతా తిట్టిపోసిన సిస్టమ్ అది. అంతటి అపకీర్తి మూటలోనూ ఒక మంచి వస్తువు దొరికింది, దాని పేరు మూవీ మేకర్. వీడియోను లోపల పడేసి, రెండు చివర్లూ జరిపి, సేవ్ చేసుకోవడం పదేళ్ల పిల్లలకు కూడా పట్టుబడింది. 2001 నాటి ఎక్స్‌పీలోనూ, 2007 నాటి విస్టాలోనూ అది కొనసాగింది. 2009లో విండోస్ 7 వచ్చేసరికి పెట్టెలోంచి తీసేసి, కావాలంటే ఇంటర్నెట్ నుంచి దించుకోమన్నారు. 2017 జనవరి 10న ఆ దించుకునే కిటికీ కూడా మూసేశారు. ఈలోగా విండోస్ 10లో ఫొటోస్ అనే యాప్ లోపల కత్తిరింపు బటన్ ఒకటి ఓ మూల తలదాచుకుంది. వెతికినవాడికి దొరికేది, దొరికినవాడికి పనికొచ్చేది. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైంది. దానికి నెల ముందే క్లిప్‌చాంప్ అనే ఆస్ట్రేలియా కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఆ తర్వాత వచ్చిన కొత్త ఫొటోస్‌లో వీడియో కత్తిరించబోతే క్లిప్‌చాంప్ గుమ్మం చూపించడం మొదలైంది. పాత ఫొటోస్ కావాలన్నవాళ్ల కోసం దానికి 'లెగసీ' అని తోక తగిలించి స్టోర్‌లో ఓ పక్కన కూర్చోబెట్టారు.

క్లిప్‌చాంప్ చెడ్డదని కాదు. సంగీతం, అక్షరాలు, రంగులు, రెడీమేడ్ నమూనాలు అన్నీ ఉన్నాయి. యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకు అది వరమే. కానీ అమ్మమ్మకు నాలుగు నిమిషాలు పంపాలనుకున్న మనిషికి అది పెట్టే పరీక్ష చూడండి. ముందు ఖాతాతో లాగిన్ కావాలి. కొత్త ప్రాజెక్టు తెరవాలి. వీడియోను అందులోకి తెచ్చి, కింద టైమ్‌లైన్ మీదికి లాగాలి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వీడియో అయితే కొలత మార్చాలి, మార్చకపోతే పాప మధ్యలో, నల్ల గోడలు అటూ ఇటూ. రెండు చివర్లూ కోశాక సేవ్ కోసం వెతికితే అది ఉండదు, ఎగుమతి ఉంటుంది. ఏ నాణ్యతలో ఎగుమతి అని అడుగుతుంది, 4కె కావాలంటే చందా కట్టమంటుంది. చివరికి వీడియో మొత్తాన్ని మొదటి ఫ్రేమ్ నుంచి మళ్లీ కుదించి తయారుచేస్తుంది. పాత లాప్‌టాప్ ఫ్యాను హోరెత్తి, గదిలో అందరికీ తెలిసిపోతుంది ఇక్కడేదో మహత్కార్యం జరుగుతోందని. గోటితో పోయేదానికి గొడ్డలి ఇచ్చారు సరే, ఆ గొడ్డలి ఎత్తేముందు పేరు నమోదు చేయించుకోమనడమే విడ్డూరం.

ఇంత తంతు సాంకేతికంగా తప్పదా అంటే, తప్పుతుంది. వీడియో ఫైల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడ ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. నడుమ ఉన్నవన్నీ ఇరుగుపొరుగు బొమ్మలతో పోలిస్తే ఏం మారిందో చెప్పే లెక్కలు. కాబట్టి కీఫ్రేమ్ దగ్గర కోసి, కావలసిన ముక్కను ఉన్నదున్నట్టుగా కొత్త ఫైల్లోకి ఎత్తి రాసుకుంటే సరిపోతుంది. మళ్లీ కుదించే పని లేదు, నాణ్యత రవ్వంత తగ్గదు, గంట వీడియో కూడా క్షణాల్లో తెగుతుంది. ఏవీఐ ఫైళ్ల కాలంలో వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేసి చూపించింది. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక్క వరుస ఆదేశంతో ఇదే పని చేస్తుంది. దానికే ముఖం, బటన్లు తొడిగిన లాస్‌లెస్‌కట్ ఈనాటికీ ఉచితంగా దొరుకుతుంది. ఒక్క చిక్కు మాత్రం నిజం. ఫలానా ఫ్రేమ్ దగ్గరే సరిగ్గా తెగాలంటే కీఫ్రేమ్ అడ్డొస్తుంది. అప్పుడు అంచు దగ్గరి చిన్న భాగాన్నయినా మళ్లీ కుదించక తప్పదు, లేదా ఒకట్రెండు సెకన్లు అటూ ఇటూ అయినా సర్దుకోవాలి. అమ్మమ్మ ఆ రెండు సెకన్లకు కేసు వేయదు. 2000 నాటి కంప్యూటర్ మోయగలిగిన పనిని నేటి కంప్యూటర్ మోయలేదని ఎవరూ అనరు కూడా. అంటే కత్తెర పోవడానికి కారణం యంత్రంలో లేదు.

కారణం లెక్కల పుస్తకంలో ఉంది. కత్తెరకు ఒక పెద్ద లోపం ఉంది, పని అయిపోగానే పక్కన పెట్టేస్తాం. అరనిమిషంలో పని ముగించుకుని వెళ్లిపోయే మనిషికి చందా అమ్మడం కష్టం, ఖాతా తెరిపించడం కష్టం, వచ్చే నెల మళ్లీ వస్తాడన్న నమ్మకమూ లేదు. టైమ్‌లైన్ ముందు కూర్చోబెడితే అలా కాదు. సంగీతం చూస్తాడు, నమూనా చూస్తాడు, తాళం వేసిన 4కె చూస్తాడు. ఎక్కువసేపు ఉన్నవాడే మంచి వినియోగదారుడు అనేది ఈ కాలపు వ్యాపార సూత్రం. చోటు చాలక కత్తెర తీసేశారనుకుందామా అంటే, 2015లో విండోస్ 10తో పాటు క్యాండీ క్రష్ ఆట వస్తుందని ప్రకటించిన కంపెనీ ఇదే. 2024 జనవరిలో ఏకంగా కీబోర్డు మీదే కోపైలట్ కోసం కొత్త మీట ప్రకటించిందీ ఇదే. మిఠాయిలు పేల్చడానికి చోటుంది, కృత్రిమ మేధకు వేలెడంత స్థిరాస్తి ఉంది, రెండు చివర్లు కోసే బటన్‌కు మాత్రం స్థలాభావం. 2014 నుంచి ఆ కంపెనీ పగ్గాలు హైదరాబాద్‌లో పుట్టి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. మనవాడని మురిసిపోతున్నాం, అందులో తప్పేం లేదు. మూవీ మేకర్‌కు తాళం పడిందీ, క్లిప్‌చాంప్ కొన్నదీ ఆయన హయాంలోనే. మనవాడే కాబట్టి కత్తెర ఏది నాయనా అని అడిగే చనువు మనకు ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

ఇక్కడ విజ్ఞులు కొన్ని అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, ఉచిత సాఫ్ట్‌వేర్లు బయట బోలెడన్ని ఉన్నప్పుడు ఈ ఏడుపెందుకని. ఉన్నాయి, కానీ వాటి పేర్లు తెలిసినవాడికి ఈ కష్టమే రాదు. తెలియనివాడు వెతుకుతాడు, వెతికేవాడి కోసం వలలు సిద్ధంగా ఉంటాయి. మూవీ మేకర్‌ను మూసేసిన 2017లోనే, నవంబరులో, ఈసెట్ అనే భద్రతా సంస్థ ఒక మోసాన్ని బయటపెట్టింది. అదే పేరుతో నకిలీ మూవీ మేకర్ తయారుచేసినవాళ్లు గూగుల్ వెతుకులాటలో పైవరసకు చేరారు. ఎడిటింగ్ అంతా చేయనిచ్చి, తీరా సేవ్ చేయబోతే దాదాపు 30 డాలర్లు కట్టమనేవారు. అసలుది ఎప్పుడూ ఉచితమే. కంపెనీ ఒక ఉచిత పనిముట్టును తీసేస్తే ఖాళీ ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు దుకాణం తెరుస్తారు. ఆ దుకాణంలో మోసపోయేది ఇంజనీర్లు కాదు, మామూలు జనం.

రెండో అభ్యంతరం చట్టానిది. అన్నీ పెట్టెలోనే పెడితే పోటీదారులు కోర్టుకెక్కుతారు కదా అంటారు. నిజమే, విండోస్‌తో మీడియా ప్లేయర్‌ను కలిపి అంటగట్టినందుకు 2004లో యూరోపియన్ కమిషన్ ఆ ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలని ఆదేశించింది, మొత్తం కేసులో 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ దెబ్బకు భయపడి కత్తెర తీసేశారంటే జాలిపడేవాళ్లం. కానీ తీసేసిన చోట సొంత క్లిప్‌చాంప్‌నే పెట్టెలో కూర్చోబెట్టారు. అంటే కలిపి ఇవ్వడానికి భయం లేదు, ఊరికే ఇవ్వడానికే మనసు రాలేదు.

మూడోది, ఇప్పుడంతా ఫోన్లోనే కత్తిరించుకుంటున్నారు కదా, కంప్యూటర్‌తో పనేమిటని. ఈ మాట కంపెనీ తరఫు సాక్షి నోటినుంచి వచ్చిందిగానీ, సాక్ష్యం మాత్రం మన పక్షానే ఉంది. వాట్సాప్ స్టేటస్ పెట్టబోతే కత్తిరించే పట్టీ దానంతటదే పైన వస్తుంది. 2020 మార్చిలో మన దేశంలో స్టేటస్ నిడివిని 30 సెకన్ల నుంచి 15కు కుదించినప్పుడు కోట్లమంది ఏ శిక్షణా లేకుండా మరింత పొట్టిగా కోయడం నేర్చుకున్నారు. ఆపిల్ కంప్యూటర్‌లో 2009 నుంచి క్విక్‌టైమ్ ప్లేయర్ అనే ఉచిత సరంజామాలోనే కమాండ్, టి నొక్కితే పసుపు పట్టీ వచ్చి రెండు చివర్లూ అడుగుతుంది. లైనక్స్‌లో వీడియో ట్రిమ్మర్ అని ఆ ఒక్క పనికే పుట్టిన చిన్న యాప్ ఉంది. అరచేతిలోని ఫోన్ చేసే పనిని బల్లమీది కంప్యూటర్ చేయకపోతే, వీడియోను కంప్యూటర్ నుంచి ఫోన్లోకి పంపి, కోయించి, మళ్లీ వెనక్కి తెప్పించుకోవాలి. దీన్ని పురోగతి అనడానికి గట్టి గుండె కావాలి.

ఆఖరి అభ్యంతరం, అప్‌గ్రేడ్ చేసుకోమని ఎవరు బలవంతపెట్టారని. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. భద్రతా మరమ్మతులు రాని కంప్యూటర్ వాడటం ప్రమాదమని చెప్పేదీ ఆ కంపెనీయే. పాతదాంట్లో ఉంటే దొంగల భయం, కొత్తదాంట్లోకి వెళితే కత్తెర పోతుంది. ఈ రెంటి మధ్య ఎంచుకోవడాన్ని స్వేచ్ఛ అనలేం. నిజానికి ఏయే సదుపాయాలు తీసేస్తున్నారో మైక్రోసాఫ్ట్ తన సాంకేతిక పత్రాల్లో జాబితాగా ప్రచురిస్తూనే ఉంటుంది. అది చదివేది ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే నిపుణులు. ఇంట్లో వాడేవాళ్ల తెర మీద మాత్రం కొత్త వాల్‌పేపరు, గుండ్రటి మూలలు, స్వాగత వచనాలు కనిపిస్తాయి. ఆ జాబితాను అప్‌గ్రేడ్ బటన్ పక్కనే, మనకు తెలిసిన భాషలో, పెద్ద అక్షరాల్లో పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. అది జరిగేదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. అప్‌గ్రేడ్ నొక్కే ముందు రోజూ వాడే చిన్న పనిముట్లు కొత్తదాంట్లో ఉంటాయో లేదో చూసుకోండి. లేనివాటికి బదులు ఉచితమైనవి వాటి అసలు చిరునామా నుంచే ముందుగా దించి దాచుకోండి. కొత్తగా ఏమిస్తున్నారో వాళ్లే పిలిచి చెబుతారు, ఏం పట్టుకుపోతున్నారో మనమే అడగాలి.