చెవి కష్టం, వేలి కూలి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆదివారం పాట్‌లక్. పులిహోర గిన్నె దగ్గర కొత్తగా పరిచయమైన ఒకావిడ, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది.

"మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్."

"డాక్టరా!"

"కాదండీ. డాక్టర్లు చెప్పింది విని..."

"ఓ, టైపింగా."

మెడలో స్టెతస్కోపు పడిందీ, ఊడిందీ గరిటె ఒక్కసారి తిరిగేంతలోనే. అయినా పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆవిడే మళ్ళీ ఎదురై, వాళ్ళాయన మోకాలి నొప్పి పురాణం విప్పింది. మన ట్రాన్స్‌క్రిప్షనిస్టు ఓపిగ్గా వింది. వినడం ఆవిడ వృత్తి. కాకపోతే ఇక్కడ ఆపడానికి కాలి కింద పెడల్ లేదు.

ఆ పెడల్ దర్జా వేరు. కుట్టుమిషను తొక్కినట్టు మధ్యలో తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, ఒక పక్క తొక్కితే చెప్పిందే మళ్ళీ చెబుతాడు, కాలు తీస్తే నోరు మూస్తాడు. డాక్టర్ల మీద అంత అధికారం ఆస్పత్రి యజమానులకు కూడా ఉండదు.

జీతం దగ్గరికొస్తే ఆ దర్జా కాస్తా దిగిపోతుంది. ఖాళీలతో సహా 65 అక్షరాలైతే ఒక లైను. లైనుకిన్ని సెంట్లు. డాక్టరు చిప్స్ నములుతూ చెప్పిన మందు పేరు పట్టుకోవడానికి అదే ముక్కను పదకొండుసార్లు విన్నా లెక్కలోకి వచ్చేది ఒక్క మాటే. కష్టం చెవిది, కూలి వేలిది.

ఆ చెవికి ఎన్ని పరీక్షలో. డాక్టరు "ఇలియం" అంటాడు. చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముకా ఇలియమే. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. చెవికి అదీ అందదు. సెలబ్రెక్స్ కీళ్ళ నొప్పులకు, సెలెక్సా దిగులుకు, సెరిబిక్స్ మూర్ఛకు. ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు పిల్లల్లా పిలిస్తే ముగ్గురూ పలుకుతారు. కడుపులో ఆమ్లం తగ్గించే లోసెక్‌ను, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌గా పొరబడుతున్నారని 1990లో అమెరికాలో దాని పేరు ప్రైలోసెక్‌గా మార్చారు. న్యూమరాలజీ కోసం పేరులో అక్షరాలు కలుపుకునేవాళ్ళను చూశాం. ఈ మందు మాత్రం రోగుల ప్రాణాల కోసం కలుపుకుంది.

ఎంత విన్నా తెలియకపోతే? ఈ వృత్తిలో మొదటి నీతి: ఊహించి రాయకూడదు. బ్లాంక్ వదిలి, పైవాళ్ళకు గుర్తు పెట్టి పంపాలి. చుట్టం ఫోనులో సగం చెబితే మిగతా సగం తానే పూరించే వంశంలో పుట్టినావిడకు ఇది అలవడటానికి ఏడాది పట్టింది.

రెండో నీతి ఇంకా కఠినం. 1996 నాటి హిపా చట్టం ప్రకారం రోగి సంగతి బయట పొక్కకూడదు. రోజుకు డజన్ల కొద్దీ కథలు వింటుంది, ఒక్కటీ చెప్పుకోలేదు. పాట్‌లక్‌లో అందరికన్నా ఎక్కువ కబుర్లు తెలిసిన మనిషి పకోడీ నములుతూ వాతావరణం గురించి మాట్లాడుతుంది.

ఆవిడ ఈ విద్య నేర్చింది అమీర్‌పేటలో. హైదరాబాదు గడియారం న్యూయార్కు కన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది గనక, అమెరికా డాక్టరు సాయంత్రం చెప్పింది హైదరాబాదు వాళ్ళు పగటిపూట టైపు చేసి, ఆయన నిద్ర లేచేసరికి పంపించేసేవాళ్ళు. పెళ్ళయి, పనిచేసే వీల్లేని హెచ్4 వీసా మీద అమెరికా వచ్చాక ఆ వేళ్ళు గరిటెకే పరిమితమయ్యాయి. 2015 మే 26 నుంచి హెచ్4 వాళ్ళలో కొందరు పనికి అనుమతి కోరవచ్చన్నారు. హెడ్‌ఫోన్సు మళ్ళీ చెవికెక్కాయి.

ఎక్కీ ఎక్కగానే ఓ అదృష్టం. ఒక డాక్టరుగారి ఫైళ్ళు అమెరికన్ సహోద్యోగుల చేతిలో బ్లాంకులతో జల్లెడలా తయారయ్యేవి. ఆయన 'ఎమ్' అనడు, 'యమ్' అంటాడు. 'ఎస్' అనడు, 'యస్' అంటాడు. మనావిడకు రెండోసారి పెడల్ తొక్కే పనే పడలేదు. ఆయనది గుంటూరు మెడికల్ కాలేజీ అని ఆవిడ గట్టి అనుమానం. ఏం లాభం, అడిగే దారే లేదు. గుంటూరు ఇంగ్లీషు హైదరాబాదు చెవికి న్యూజెర్సీలో చేరింది. ఆయనకు ఈవిడెవరో ఎప్పటికీ తెలియదు.

ఈ తెర వెనుక మనుషులకు గౌరవం దక్కలేదని కాదు. 1978లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో సంఘం పెట్టుకున్నారు. 1985లో అధ్యక్షుడు రీగన్ మే నెలలో ఒక వారాన్ని వీళ్ళ పేరిట ప్రకటించారు. 2007లో సంఘం పేరులోంచి ట్రాన్స్‌క్రిప్షన్ అన్న మాటే తీసేసి, ఆరోగ్య పత్రాల సమగ్రత అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. మాటలు విని రాసే యంత్రాలు వచ్చేశాయి మరి. అటువంటి యంత్రాలు తయారుచేసే న్యుయాన్స్ కంపెనీని 2022లో మైక్రోసాఫ్ట్ సుమారు 1,970 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఇప్పుడు యంత్రం టైపు చేస్తుంది, ఆవిడ వింటూ దిద్దుతుంది. వేలి పని పోయింది కనక లైను ధర దాదాపు సగమైంది. చెవి పని మాత్రం అలాగే ఉంది. పైగా యంత్రానికి బ్లాంక్ వదలడం రాదు. విస్పర్ అనే ప్రోగ్రాముతో చేసిన ఒక పరిశోధనలో సుమారు ఒక్క శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటలు పుట్టుకొచ్చాయని 2024లో తేలింది. ఫోనులో వినపడని సగాన్ని పూరించే చుట్టం, చివరికి కంప్యూటరులో వెలిశాడన్నమాట.

పాట్‌లక్ నుంచి వచ్చిన రాత్రి ఆవిడ ఒక ఫైలు తెరిచింది. మధ్యలో డాక్టరు ఆగి, కరకరా చిప్స్ నమిలాడు. యంత్రం ఆ కరకరను రోగి మోకాలిలోంచి వచ్చే శబ్దమని తీర్మానించి చక్కని వాక్యం అల్లింది. రోగి వచ్చింది చెవిపోటుతో. ఆవిడ నాలుగుసార్లు పెడల్ తొక్కి, విని, నిర్ధారించుకుని, ఆ వాక్యం తుడిచేసింది.

కింద లెక్కలో ఒక లైను తగ్గింది.