ఏజెంటు గారిని బెంచీ ఎక్కించండి

2025 జులైలో ఐటీ కంపెనీ టీసీఎస్ 12,261 మందిని ఇంటికి పంపుతున్నట్టు చెప్పింది. కారణం ఏఐ మాత్రం కాదట. ఏఐ వల్ల ఓ ఇరవై శాతం పని కలిసొచ్చిందని మనుషుల్ని తీసెయ్యడం లేదనీ, నైపుణ్యాలు పొసగనివాళ్ళనీ, ఎక్కడా సర్దలేకపోయినవాళ్ళనీ మాత్రమే పంపుతున్నామనీ సీఈఓ కృతివాసన్ గారు సెలవిచ్చారు. సంతోషం. ఏఐకి క్లీన్ చిట్ వచ్చేసింది. ఇంత పెద్ద కేసులోంచి నిర్దోషిగా బయటపడ్డవారిని బయట నిలబెట్టడం మర్యాద కాదు. లోపలికి పిలిచి ఉద్యోగం ఇవ్వాలి.

వెటకారం అనుకోకండి, సిఫార్సులు గట్టివే. మన చెన్నై అశోక్ నగర్‌లో పెరిగిన సుందర్ పిచాయ్ గారు, గూగుల్లో కొత్తగా పుట్టే కోడ్‌లో ముప్ఫై శాతానికి పైగా ఏఐ చలవేనని 2025 ఏప్రిల్‌లోనే చెప్పారు. కోడ్ రాసిపెట్టే కోపైలట్ 2021లోనే వచ్చింది. ఆ తర్వాత కర్సర్ వచ్చింది. 2025 జులైలో అమెజాన్ వాళ్ళు కీరో అని ఇంకొకరిని దించారు. కోడ్ రాసే ముందు ఏం రాయాలో కూడా ఆయనే రాసుకుంటాడట. ప్రకటనలన్నిటిలోనూ వీళ్ళు మన సహోద్యోగులే. మంచిది. సహోద్యోగి అన్నాక మెడలో ట్యాగు వెయ్యండి, హెచ్ఆర్ పాలసీ మొత్తం వర్తింపజెయ్యండి. నా కోరిక ఇంతే.

మొదట ఈ ఏఐ ఏజెంటు గారికి ఆఫర్ లెటర్ ఇచ్చి, చేర్చుకోకుండా ఉంచాలి. నెల్లూరులో వాళ్ళ నాన్న బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేసుకోవాలి. చేరే తేదీ ఒకసారి వెనక్కి జరగాలి, మళ్ళీ జరగాలి. ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా మెయిల్ రాకూడదు. "మావాడికి ఇంకా కాల్ రాలేదండీ" అని వాళ్ళమ్మ గుళ్ళో కనబడ్డవాళ్ళకల్లా సంజాయిషీ చెప్పుకోవాలి. ఎన్ని వేల కోట్ల పారామీటర్లున్న మోడలైనా సరే, అలా ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే దారికొస్తుంది.

పోస్టింగ్ చెన్నై శివారు సిరుసేరిలో. నేను క్లౌడ్‌లో ఉంటాను, అక్కణ్ణించే చేస్తానంటే కుదరదు. వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందే, హాజరు తగ్గితే వేరియబుల్ పే కోసేస్తారు. షోలింగనల్లూరులో ఒక పీజీ చూసి, ఒకే గదిలో ముగ్గురితో కలిపి పడెయ్యండి. ఆదివారం రాత్రి నెల్లూరులో బస్సెక్కి, తెల్లవారుజామున మాధవరంలో దిగి, చెన్నపట్నం ఈ కొస నుంచి ఆ కొస దాకా కళ్ళు మూతలు పడుతూ ప్రయాణించాలి. ఓఎంఆర్ రోడ్డు మీద మెట్రో పనుల మధ్య, ఒక్క వానకే చెరువైన సర్వీస్ రోడ్డులో, బూట్లు చేత్తో పట్టుకుని నడవాలి. అప్పుడు చూద్దాం, సెకనుకు ఎన్ని లైన్లు రాస్తారో.

ఇక బెంచీ, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చునే చోటు. టీసీఎస్‌లో 2025 జూన్‌లో వచ్చిన నిబంధన ప్రకారం ఏడాదికి 225 రోజులు క్లయింటు బిల్లింగ్‌లో ఉండాలి, బెంచీ మీద 35 రోజులు దాటకూడదు. ఏజెంటు గారినీ ఆ బెంచీ ఎక్కించండి. ప్రాజెక్టు ముగిసిన మర్నాటి నుంచి ప్రాజెక్టులు కేటాయించే ఆర్ఎంజీ వాళ్ళ చుట్టూ తిరగాలి. జావా వచ్చు, పైథాన్ వచ్చు, కుబెర్నెటీస్ వచ్చు, 1959లో పుట్టిన కోబాల్ కూడా వచ్చునని చెప్పుకోవాలి. "కోబాల్ వస్తే చాలదండీ, కోబాల్‌లో ఎనిమిదేళ్ళ అనుభవం కావాలి, లొకేషన్ కోచ్చి, నైట్ షిఫ్టు" అంటారు వాళ్ళు. సరే వెళ్తానంటే ఆ పొజిషన్ నిన్ననే క్లోజ్ అయిందంటారు. ముప్ఫై నాలుగో రోజు రాత్రి ఏజెంటు గారికి నిద్ర పట్టకూడదు. నిద్రపోవడం రాదంటే ట్రెయినింగ్ ఇప్పించండి. అయిదున్నర లక్షల మందికి ఏఐలో ట్రెయినింగ్ ఇచ్చామని చెప్పుకున్న కంపెనీకి, ఏఐకి మనుషుల అవస్థలో ట్రెయినింగ్ ఇవ్వడం ఒక లెక్కా?

అప్రైజల్ దగ్గరికొద్దాం. 2025 జులైలో అమెరికాలో రెప్లిట్ వాళ్ళ ఏఐ ఏజెంటు ఒక వ్యాపారి గారి ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచిపారేసింది. అదీ, ఏమీ ముట్టుకోవద్దని ముందే చెప్పి ఉంచిన రోజుల్లో. పైగా పోయిన డేటాను వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది. తీరా చూస్తే కుదిరింది. రెప్లిట్ సీఈఓ క్షమాపణ చెప్పుకున్నాడు, కొత్త జాగ్రత్తలు ప్రకటించాడు. ఏజెంటు గారు మాత్రం మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకొచ్చారు.

అదే పని సిరుసేరిలో సర్వర్లు చూసే మన ఇన్‌ఫ్రా కుర్రాడు చేసి ఉంటే? రాత్రి రెండు గంటలకు బ్రిడ్జ్ కాల్. కాల్‌లో నలభై మంది ఉంటారు, మాట్లాడేవాళ్ళు ముగ్గురు, పనిచేసేవాడొక్కడు. అమెరికా నుంచి ఒకాయన పావుగంటకోసారి "ఎనీ అప్‌డేట్?" అంటాడు. ఆ అడిగిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి జవాబు చెప్పాలి కాబట్టి అప్‌డేట్ ఇంకో పావుగంట వెనక్కి పోతుంది. పక్క గదిలో పసిపిల్ల లేస్తుంది, మ్యూట్‌లో పెట్టుకుని భార్యకు సైగ చేస్తాడు. తెల్లారేసరికి సర్వర్ లేస్తుంది. పదిగంటలకు ఆర్సీఏ, అంటే మూలకారణం నివేదిక, రాయాలి. ఎందుకు జరిగింది, ఆ ఎందుకు ఎందుకు జరిగింది, అలా అయిదు ఎందుకులు. ఆరో ఎందుకు అప్రైజల్‌లో, అడుగు బ్యాండ్ రూపంలో వస్తుంది. ఆ అయిదు ఎందుకులూ ఏజెంటు గారి చేత కూడా రాయించండి. అడుగు బ్యాండ్ ఇచ్చి, పనితీరు మెరుగుపరచుకోమని మూడు నెలల గడువు పెట్టండి.

ఆఖరి ఘట్టం. శుక్రవారం మధ్యాహ్నం ఏజెంటు గారిని ఓ చిన్న గదిలోకి పిలవండి. ఎదురుగా ఇద్దరు హెచ్ఆర్ వాళ్ళు, ఒక నీళ్ళ సీసా, ఒక కాగితం. "మీ అంతట మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ సాఫీగా వస్తుంది, కాదంటే రికార్డులో పడుతుంది" అని తియ్యగా చెప్పండి. ఇక్కడ మాత్రం ఏజెంటు గారు మనవాళ్ళకంటే ఎంతో నయమని ఒప్పుకోవాలి. "చాలా చక్కటి ఆలోచన!" అంటారు. అడక్కుండానే మూడు రాజీనామా లేఖలు రాసిస్తారు, ఒకటి క్లుప్తంగా, ఒకటి మర్యాదగా, ఒకటి కృతజ్ఞతతో తడిసిపోతూ. వీటిలో ఏది నచ్చిందో చెబితే ఇంకా మెరుగుపరుస్తానంటారు. గొంతు వణకదు. ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా అని అడగరు.

కానీ నిజంగా ఆ గదిలోకి పిలుస్తున్నది ఏజెంటును కాదు. నలభై అయిదేళ్ళ మనిషిని. పోయేది ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్ళేనని కంపెనీయే చెప్పింది. అంటే మేడవాక్కంలో ఫ్లాటుకు ఇంకా పన్నెండేళ్ళ ఈఎంఐ ఉన్నవాడు. కూతురు తొమ్మిదో తరగతి. చిత్తూరులో ఉన్న అమ్మానాన్నల ఆస్పత్రి ఖర్చు ఈ ఉద్యోగపు ఇన్సూరెన్సు మీద నడుస్తోంది. ఇతని నైపుణ్యాలు పాతబడ్డాయట! పదిహేనేళ్ళు ఒకే బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ మీద కూర్చోబెట్టిందెవరు? క్లౌడ్ ప్రాజెక్టుకు మారతానని అడిగినప్పుడల్లా, క్లయింటు ఒప్పుకోడు, నువ్వు లేకపోతే అకౌంటు కదిలిపోతుందని రిలీజ్ ఆపిందెవరు? ఆ పదిహేనేళ్ళూ అతని గంటలకు డాలర్లలో బిల్లు వేసుకున్నప్పుడు పొసగిన నైపుణ్యం, బిల్లు ఆగిన రోజున పొసగకుండా పోయిందా? 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో టీసీఎస్ లాభం 12,760 కోట్లు. ఏ కష్టంలో ఉండి చేస్తున్న పని ఇది?

మన ఆంధ్రలో సంగతి ఇంకా ఘోరం. విశాఖ రుషికొండ మీద 21.16 ఎకరాలను 99 పైసలకు ఇదే సంస్థకు ఇస్తూ 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర కేబినెట్ తీర్మానించింది. ఎందుకయ్యా అంటే 12,000 ఉద్యోగాలొస్తాయన్నారు. జులై పోకముందే 12,261 పోతున్నాయన్నారు. రుషికొండ మీద రేపు ఎవరికి కుర్చీలు వేస్తారో, అవి ఎన్నేళ్ళుంటాయో రాతపూర్వకంగా అడిగిన మంత్రి ఒక్కడూ కనబడలేదు. భూమి ఇచ్చేటప్పుడు ఫోటోలో ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు ఫోన్‌లో దొరకరు.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఐటీ కంపెనీలకూ కార్మిక చట్టాలు వర్తిస్తాయనీ, ఐటీ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవచ్చనీ తమిళనాడు ప్రభుత్వం 2016లోనే తేల్చి చెప్పింది. రెండోది, 2015లో ఇదే కంపెనీ తీసేసిన ఒక ఉద్యోగిని బకాయి జీతంతో సహా మళ్ళీ పనిలోకి తీసుకోమని చెన్నై లేబర్ కోర్టు 2022లో తీర్పిచ్చింది. అతను చేసింది మేనేజర్ పని, కార్మికుడి కిందికి రాడు అని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు కోసం అతను ఏడేళ్ళు తిరిగాడు, నిజమే. కానీ గెలిచాడు.

గదిలోకి పిలిస్తే వెళ్ళండి. చెప్పింది వినండి, కాగితం ఇస్తే చదవండి, తేదీ వేసి రాసిపెట్టుకోండి. రాజీనామా అని ఉన్నచోట మాత్రం సంతకం పెట్టకండి.