బస్సు ఎక్కకుండానే బస్సు మీద వాదించడం ఎలా

కడియం పెరుగుతోంది. నర్సరీల మధ్య లేఅవుట్లు, లేఅవుట్ల మధ్య అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. రాజమండ్రికి పది కిలోమీటర్ల చిల్లర దూరం కాబట్టి ఇక్కడ స్థలం కొన్న ప్రతివారికీ రవాణా మీద ఒక గట్టి అభిప్రాయం ఉండి తీరాలి. బస్సులు పెంచాలా, లైట్ రైలు తేవాలా? టీ కొట్టు దగ్గర ఈ మాట పడినప్పుడు నోరు మెదపకుండా కూర్చుంటే పరువు తక్కువ. అందుకే ఈ చిట్కాలు.

ఎప్పుడూ లైట్ రైలు పక్షమే తీసుకోండి. బస్సును అందరూ చూశారు. దాని అద్దం మూసుకోదు, వానకి పైకప్పు కారుతుంది, కండక్టరు చిల్లర ఇవ్వడు. ఇవన్నీ ఎదుటివాడు ఏకరువు పెట్టగలడు. కడియానికి లైట్ రైలు ప్రతిపాదన కాగితం మీద కూడా లేదు. చూడని పెళ్లికూతురికి ఎవరు మాత్రం వంక పెడతారు?

'ఎక్కడొచ్చిందండీ ఈ లైట్ రైలు?' అని ఎవరైనా నిలదీస్తే విజయవాడ పేరు చెప్పండి. అయితే గబగబా చెప్పాలి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో విశాఖకీ, విజయవాడ–గుంటూరు–తెనాలికీ మెట్రో సాధ్యమో కాదో కేంద్రం పరిశీలించాలని రాశారు. ఆ ముక్క చదివినవాళ్లు తక్కువ గనక మీరు 'రాసిచ్చారు' అనేయండి. తర్వాత ఢిల్లీ మెట్రో వాళ్ల నివేదిక, 'మెట్రో మ్యాన్' శ్రీధరన్ గారి సలహా, 2017 వచ్చేసరికి ఆ మెట్రో పక్కకి పోయి లైట్ మెట్రో, 2024లో మళ్లీ మెట్రో, ఈసారి 38.4 కిలోమీటర్లు. సంవత్సరాలు ఇలా వరసగా చదువుతూ పోతే వినేవాళ్లకి పని జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది. ఆ పదేళ్లలో ఒక్క ఫర్లాంగు పట్టా కూడా పడలేదన్న సంగతి వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప ఎత్తకండి.

కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో విధానాన్ని చదివిన మనిషి మీ ఊళ్లో ఉంటే ఆయన పక్కన కూర్చోవద్దు. మెట్రో కావాలనే ఊరు ముందు బస్సు, బీఆర్‌టీఎస్ (బస్సులకే విడిగా దారి), ట్రామ్, లైట్ రైలు అన్నింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎంతకు తేలుతుందో చూపించాలని అందులో ఉంది. ఆయన కన్నా ప్రమాదకరమైనవాడు రిటైరయిన లెక్కల మేస్టారు. 2019లో కేంద్రం చిన్న నగరాలకని 'మెట్రోలైట్' అనే లైట్ రైలు ప్రమాణాలు ప్రకటించింది. రద్దీ వేళ గంటకి ఒక దిక్కున రెండు వేల నుంచి పదిహేను వేల మంది వరకు ప్రయాణించే దారులకి అది సరిపోతుందన్నారు. మేస్టారు పెన్సిలు తీస్తారు. రెండు నిమిషాలకో బస్సు, బస్సుకి నిలబడినవాళ్లతో కలిపి అరవై మంది, గంటకి 1800. అంటే కోటిపల్లి బస్టాండు నుంచి కడియానికి రెండు నిమిషాలకో బస్సు కిక్కిరిసి నడిచే రోజు వస్తే, అప్పటికి మనం లైట్ రైలు గుమ్మం దాకా వచ్చినట్టు. 2011 జనాభా లెక్కల్లో రాజమండ్రి నగరమే 3.4 లక్షలు. ఈ అంకెలు బల్ల మీద పడ్డాక మీరు కోలుకోవడం కష్టం. ఆయన పెన్సిలు తీయగానే టీ డబ్బులు ఇచ్చేసి లేచిపోండి.

ఇక అసలు గండం కడియం రైల్వే స్టేషను. ఇది ఎప్పటినుంచో అక్కడే ఉంది. చెన్నై–హౌరా మెయిన్ లైను, డబుల్ లైను, పైన కరెంటు. అటు రాజమండ్రి, ఇటు ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట. వీటన్నింటినీ కలుపుతూ పట్టాలు పడి వందేళ్లు దాటింది. మెము రైళ్లకి రాజమండ్రిలోనే షెడ్డు ఉంది. మెము అంటే చటుక్కున వేగం అందుకుని, చటుక్కున ఆగగల కరెంటు బండి. దగ్గర దగ్గర స్టేషన్ల కోసమే దాన్ని చేశారు. హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైంది కూడా ఉన్న పట్టాల మీదే. ఇదంతా తెలిసినవాడు 'మనకి రైలు ఉందిగా, పొద్దునా సాయంత్రమూ మరో రెండు మెములు అడుగుదాం' అంటాడు. అన్నాడంటే మీ లైట్ రైలు అక్కడికక్కడే కుప్పకూలుతుంది.

దీనికి విరుగుడు ఉంది. 'ఆ రైలుకి పిల్లర్లు లేవు కదండీ' అనండి. నేల మీద నడిచే రైలు అభివృద్ధి కిందికి రాదని మన ఊళ్లలో స్థిరపడిపోయిన నమ్మకం. ఎత్తు మీద నడిచి, కింద నీడపడి, ఆ నీడలో ట్రాఫిక్ ఆగితేనే నగరం. అయినా అవతలివాడు తగ్గకపోతే, ఆ లైను మీద గూడ్సులూ సూపర్‌ఫాస్టులూ వస్తే పాసింజరుని పక్కనున్న లూపు లైనులో ఆపేస్తారని చెప్పండి. ఈ మాట నిజం కూడా. నిజం గనకే జాగ్రత్తగా వాడాలి. 'అయితే ఏ వేళకి దారి ఖాళీగా ఉందో విజయవాడ డివిజనుని అడుగుదామా?' అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. వాదన కాస్తా పని అయిపోయేది అక్కడే. వెంటనే పుష్కరాల కబురు ఎత్తండి.

రైలుబస్సు మాట ఎవరి నోటా రానివ్వకండి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో వేశారు. దాని మీద కొన్నాళ్లు రైలుబస్సు అనే ఒంటరి పెట్టె నడిచింది. బస్సా రైలా అని మనం గొంతులు చించుకుంటున్న సమస్యకి పక్క సీమలోనే అలా ఒక జవాబు దొరికి, తర్వాత ఆగిపోయింది. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01లో మంజూరయింది, బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో. మూడు గోదావరి పాయలు దాటాలి. ఆ వంతెనల స్తంభాలు చూసివచ్చినవాళ్లకి 'మంజూరు' అంటే పులకింత రాదు. లైట్ రైలు కోసం కమిటీ వేస్తే అలాంటివాళ్లని అందులోకి తీసుకోవద్దు.

చరిత్ర కావాలంటే కాటన్ దొర ఉన్నాడు. గోదావరి జిల్లాల్లో ఆయన పేరు చెప్పాక ఎదురు మాట్లాడే మగాడు లేడు. 'ఆయనే ఉంటే లైట్ రైలు వేయించేవాడు' అని ఒక మాట వదలండి. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తిచేసిన ఆ పెద్దమనిషి, ఈ దేశానికి రైళ్ల కన్నా పడవలు నడిచే కాలవలే చవకా మేలూ అని పట్టుబట్టినవాడు. మన కాలవల మీద సరుకూ జనమూ పడవల్లో పోయేవారు. విగ్రహానికి దండ వేసేవాళ్లలో ఎందరు ఆ వాదన చదివారు గనక? ధైర్యంగా వాడుకోండి.

అమెరికా అల్లుడు గారిని కూడా సాక్షిగా పిలవచ్చు. 'మా అల్లుడు గారి ఊళ్లో లైట్ రైలు ఉందండి' అంటే చాలు. ఊరు డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో అయితే మాత్రం పేరు చెప్పకండి. డల్లాస్‌లో లైట్ రైలు 1996 నుంచి నడుస్తోంది గానీ, ఆ వ్యవస్థలో చేరిన ఊళ్లు అమ్మకపు పన్నుగా డాలరు అమ్మకానికి ఒక సెంటు ఇవ్వాలి. ఫ్రిస్కో చేరలేదు. రెడ్ లైను ప్లానోలోని పార్కర్ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి మనవాళ్లు కార్లోనే తిరుగుతారు. పైగా ఆ సెంటు సంగతి తెలిస్తే 'మరి మన వాటా ఎవరిస్తారండీ?' అనే పెద్దాయన ఒకరు బయల్దేరతారు.

లైట్ రైలు కోసం మీటింగు పెడితే వేళ చాలా ముఖ్యం. పొద్దున పెట్టకండి. పొద్దున కడియపులంక, బుర్రిలంక, వేమగిరి దారుల్లో నర్సరీ పనికి వెళ్లే ఆడవాళ్లు ఉంటారు. సంచుల్లో మట్టి నింపేవాళ్లూ, అంట్లు కట్టేవాళ్లూ షేర్ ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోతుంటారు. వాళ్లలో ఒకావిడ మీటింగు దగ్గర ఆగిందంటే 'బాబుగారూ, ఆరున్నరకి బస్సు వేయిస్తారా?' అంటుంది. ఈ ప్రశ్నకి లైట్ రైలులో జవాబు లేదు. 'అమ్మా, మేం 2047 గురించి మాట్లాడుకుంటున్నాం' అని మర్యాదగా చెప్పి పంపేయాలి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. ఛార్జీ లేకపోయినా బస్సు వస్తేనే కదా ఎక్కేది అని ఆవిడ అడుగుతుంది. బస్సులు కిక్కిరిసి ఉంటే దాన్ని కూడా మన ఖాతాలోనే వేసుకోండి. 'చూశారా, బస్సుల వల్ల కాదు, రైలే రావాలి' అనండి. ఇంకో బస్సు వేస్తే రద్దీ తగ్గుతుందన్న ఆలోచన చాలా చవకరకం. సభలో దానికి చప్పట్లు పడవు.

టైమ్‌టేబులు అడగవద్దు. అరగంటకో బస్సు ఉంటే, వేళ తెలియక వచ్చినవాడు సగటున పావుగంట నిలబడతాడు. పది నిమిషాలకో బస్సు ఉంటే అయిదు నిమిషాలు. మధ్యలో ఒక్క ట్రిప్పు ఎగ్గొట్టినా ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. వేళలు రాసిన బోర్డు ఒకటి స్టాపులో వేలాడిందంటే జనం గడియారం చూడడం మొదలెడతారు. గడియారం చూసే జనం పిల్లర్ల గురించి వినరు. అలాగే జాతీయ రహదారి పక్కన ఆగే బస్సు దిగి, లారీల మధ్య అవతలికి ఎలా దాటాలన్న సంగతి కూడా మన పరిధిలోకి రాదు.

స్థలాలు అమ్మే మిత్రులకి విడిగా ఒక్క మాట. బ్రోచరులో గీత గీసి 'ప్రతిపాదిత లైట్ రైలు' అని రాసుకోండి. ఎవరు ప్రతిపాదించారని అడిగే కొనుగోలుదారు ఎలాగూ కొనేవాడు కాదు.

చివరికి వినతిపత్రం రాయాల్సి వస్తుంది. కలెక్టరు గారికో కాపీ, పట్టణాభివృద్ధి సంస్థ రుడాకో కాపీ, ఎంపీ గారికో కాపీ. మొదటి పేజీలో సింగపూరు బొమ్మ పెట్టండి. జనాభా పెరుగుదల, పుష్కరాలు, పర్యాటకం, పూల మార్కెట్టు అన్నీ దట్టించండి. ఇంతలో ఎవరో ఒక కుర్రాడు 'రాత్రి తొమ్మిదిన్నరకి రాజమండ్రి నుంచి కడియానికి ఆఖరి బస్సు ఒకటి, పొద్దున్న ఆరున్నరకి ఇంకోటి' అని ఒక వాక్యం ఇరికించే ప్రయత్నం చేస్తాడు. కొట్టేస్తే అలుగుతాడు. అనుబంధం–4లో వేయండి. మూడో అనుబంధం దాటి చదివిన అధికారిని నేనింతవరకు చూడలేదు.